వ్యానులో 12 వోల్టుల ఫ్రిజ్: రెండు ఎండాకాలాల తర్వాత

మా వ్యానులోకి ఫ్రిజ్ వచ్చిందే నాన్న ఇన్సులిన్ కోసం. పెరుగూ, దోసెల పిండీ తర్వాత దూరాయి.

మొదట చవకగా వస్తోందని కంప్రెసర్ లేని కూలర్ పెట్టె కొన్నాను. అది బయటి వేడి మీద ఓ 20 డిగ్రీలు తగ్గిస్తుంది, అంతే. మే నెలలో బయట 42 ఉంటే లోపల 22. ఇన్సులిన్ నిల్వకి కావలసింది 2 నుంచి 8. పైగా ఆగకుండా కరెంటు తాగుతూనే ఉంటుంది. నెల తిరక్కుండా అమ్మేసి 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ తీసుకున్నాను.

ఫ్రిజ్ మంచిదే, నన్ను ఏడిపించింది వైరు. గండికోటలో మొదటి రాత్రి రెండింటికి కీకీమని అరిచి ఆగిపోయింది. తెర మీద లో వోల్టేజ్ ఎర్రర్. బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 12.3 వోల్టులు ఉంది, అంటే ఛార్జి సగం పైనే. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఇన్సులిన్‌కి తడిగుడ్డ చుట్టి తెల్లవార్చాం. పొద్దున అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "ఫ్రిజ్ పట్టుకొచ్చెయ్యండి సార్, చూద్దాం" అన్నాడు. బోరు మోటార్లతో ముప్పయ్యేళ్లు కుస్తీ పట్టిన నాన్న మాత్రం, "ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర కూడా చూశావురా?" అన్నారు. చూస్తే 11.1!

వ్యాను కట్టినవాళ్లు ఇంటి లైట్లకు వేసే వన్ స్క్వేర్ వైరు వెనకదాకా లాగి, చివర సిగరెట్ లైటర్ సాకెట్ పెట్టారు. రానూ పోనూ పది మీటర్లు. కంప్రెసర్ లాగేది 5 ఆంపియర్లే అయినా ఆ సన్న వైరులోనే 0.9 వోల్టు పోతుంది. మిగతాది వదులు సాకెట్ మింగింది. ఇంట్లో 230 వోల్టుల్లో ఒక వోల్టు తగ్గితే ఎవరికీ తెలియదు. ఇక్కడ మాత్రం బ్యాటరీ అయిపోయిందనుకుని ఫ్రిజ్ ఆగిపోతుంది. సాకెట్ పీకేసి, బ్యాటరీ నుంచి నేరుగా దానికి ఆరింతల మందం ఉన్న సిక్స్ స్క్వేర్ వైరు లాగి, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాను. ఆ ఎర్రర్ మళ్లీ కనబడలేదు.

ఫ్రిజ్ వాడకం మే నెలలో రోజుకి 50 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్) దాటుతుంది, లంబసింగి చలిలో 20 కూడా కాదు. ఇప్పుడు 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, పైన 200 వాట్ల సోలార్ ఉన్నాయి. ఎండ ఉన్నన్నాళ్లూ దిగుల్లేదు. ఆగస్టులో అరకులో మూడు రోజులు మబ్బు పట్టి సోలార్ చేతులెత్తేసింది. బండి నడుస్తుంటే గంటకి దాదాపు 20 ఆంపియర్ అవర్లు ఎక్కించే డీసీ ఛార్జర్ ఉండబట్టి గట్టెక్కాం. ఫ్రిజ్‌ని చెక్క అరలో బిగిస్తే కంప్రెసర్ వైపు చెక్కకి జాలీ పెట్టించడం మరవొద్దు. వేడి బయటికి పోకపోతే అది ఆగనే ఆగదు.

ఒక ఇన్సులిన్ పెన్ను ఫ్రిజ్ గోడకి ఆని గడ్డకట్టింది, పారేయాల్సి వచ్చింది. అప్పటినుంచి ఫ్రిజ్‌ని 5 డిగ్రీలకి సెట్ చేసి, పెన్నుల్ని టిఫిన్ డబ్బాలో పెట్టి మధ్యలో ఉంచుతున్నాం.

మూత పైకి తెరుచుకుంటుంది కాబట్టి చల్లదనం పోదు. కాకపోతే పెరుగు గిన్నె ఎప్పుడూ అడుగునే ఉంటుంది.