విడిపోవడమా, వాటా రాబట్టుకోవడమా: చెన్నై తెలుగువాళ్లకు ఏది మేలు?

కేంద్ర బడ్జెట్ వచ్చిన వారంలో చెన్నై ఆఫీసు క్యాంటీన్లలో ఒక వాదన తప్పకుండా లేస్తుంది. ఎవరో ఒకరు "ఇంక లాభం లేదు, తని నాడే దారి" అంటారు, అంటే తమిళనాడు వేరే దేశం కావడమే దారి అని. ఇంకొకరు కొత్త దేశం నోటు మీద ఎవరి బొమ్మ వేయాలో చెబుతారు. మూడో ఆయన తెలుగువాళ్ల వైపు తిరిగి "తిరుపతికి వీసా మీరే ఇప్పించాలి" అంటాడు. అందరూ నవ్వుకుని లేస్తారు. ఆ ప్రశ్నను అక్కడితో వదిలేయడం నాకు ఇష్టం లేదు. నవ్వు వెనక ఉన్న లెక్క నిజమైనది. పైగా విడిపోవడం అంటూ జరిగితే ఈ ఊళ్లో అందరికంటే ఎక్కువ నష్టపోయేది తెలుగువాళ్లే.

అందుకే రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి, దేశం నుంచి బయటికి పోవడం. రెండోది, దేశంలోనే ఉండి డబ్బులో, అధికారంలో ఎక్కువ వాటా రాబట్టుకోవడం. ఉన్నదాంతో సర్దుకుపోవడం మూడో దారి అంటారు గానీ, అంకెలు చూశాక దాన్ని నేను దారిగా ఒప్పుకోను.

కేంద్రం రాష్ట్రాలకు పంచే పన్నుల్లో తమిళనాడుకు 13వ ఆర్థిక సంఘం 4.969 శాతం ఇచ్చింది. 2021-26కు లెక్క కట్టిన 15వ సంఘం 4.079 ఇచ్చింది. 14వ సంఘం నుంచి 15వ సంఘానికి వచ్చేసరికి కర్ణాటక 4.713 నుంచి 3.647కు పడింది, ఆంధ్రప్రదేశ్ 4.305 నుంచి 4.047కు, తెలంగాణ 2.437 నుంచి 2.102కు తగ్గాయి. అదే 15వ సంఘంలో ఉత్తరప్రదేశ్ వాటా 17.939. పేద రాష్ట్రానికి ఎక్కువ వెళ్లడం తప్పని నేను అనను. ఒకే దేశం అన్నాక అది ఉండాల్సిందే. నాకు మింగుడు పడనిది పన్నుల మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌ఛార్జీల సంగతి. వాటిలో రాష్ట్రాలకు వాటా లేదు, వసూలైనదంతా కేంద్రానికే. దీనికి తోడు లోక్‌సభ సీట్ల భయం. రాష్ట్రాల మధ్య సీట్ల పంపకం 1971 జనాభా లెక్కల దగ్గర ఆగి ఉంది. 2001లో చేసిన 84వ సవరణ దాన్ని 2026 తర్వాతి జనగణన దాకా పొడిగించింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకే బలం తగ్గుతుందంటే కోపం రావడం సహజం.

ఆ కోపానికి విడిపోవడం మందా? డబ్బు దగ్గర మొదలుపెడితే, మొదటి చూపుకు మందులాగే కనిపిస్తుంది. ఇక్కడి పన్ను ఇక్కడే ఉంటుంది కదా అంటారు. కానీ ఆ పన్ను ఎక్కడ పుడుతోంది? శ్రీపెరుంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీల్లో తయారైన కార్లూ మోటార్‌సైకిళ్లూ దేశమంతా అమ్ముడవుతున్నాయి కాబట్టి పుడుతోంది. 2017 జూలైలో జీఎస్టీ రాకముందు తడ దగ్గర భీమునివారిపాలెం చెక్‌పోస్టులో లారీల వరుసలు చూసినవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. అక్కడే రేపు కస్టమ్స్ గేటు పడితే, ఇక్కడి సరుకు నెల్లూరులో విదేశీ సరుకు అవుతుంది. శ్రీసిటీలో పనికి రోజూ హద్దు దాటి వెళ్లివచ్చేవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

డబ్బుకంటే పెద్ద చిక్కు నీళ్లు. చెన్నై కుళాయిల్లో వచ్చే నీళ్లలో కృష్ణ ఉంది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఈ ఊరి దాహానికి ఇస్తామని ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఉండగా తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. శ్రీశైలం, పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు దాటి ఆ నీళ్లు పూండి జలాశయానికి చేరతాయి. ఆవిరయ్యేది తీసేసి 12 టీఎంసీలు రావాలి. మొదటిసారి 1996లో వచ్చాయి. చాలా ఏళ్లలో ఆ 12 పూర్తిగా రాలేదు. అయినా 2019లో చెరువులన్నీ ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చుకున్న వేసవి తర్వాత, తమిళనాడు మంత్రులు ఆగస్టులో వెళ్లి ఆంధ్ర ముఖ్యమంత్రి జగన్‌ను అడిగారు, ఆ తర్వాత కండలేరు గేట్లు తెరిచారు. రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య కాబట్టి అది అంత తేలిగ్గా అయింది. కావేరి సంగతీ అంతే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కర్ణాటక నుంచి తమిళనాడుకు 177.25 టీఎంసీలని తేల్చింది, దాన్ని అమలు చేయించడానికి ఒక ప్రాధికార సంస్థ వచ్చింది. వేరే దేశమైపోయాక ఏ కోర్టు మెట్లెక్కాలి? 1965లో మలేషియా నుంచి బయటపడ్డ సింగపూరును ఆదర్శంగా చూపిస్తారు. ఆ సింగపూరు ఇప్పటికీ మలేషియాలోని జొహోర్ నుంచి నీళ్లు కొంటోంది, 1962 నాటి ఒప్పందం 2061లో ముగుస్తుంది. అది ముగిసేలోగా నిలదొక్కుకోవాలని సముద్రపు నీటిని, వాడిన నీటిని శుద్ధి చేసుకోవడానికి ఎంతో ఖర్చు పెడుతోంది.

ఇక పంపకాలు. ఈ విషయంలో తెలుగువాళ్లకు ఉన్నంత అనుభవం ఈ దేశంలో ఇంకెవరికీ లేదని నా నమ్మకం. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణాలు వదిలింది ఇక్కడి మైలాపూరులోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మాత్రం రాలేదు. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. తిరుత్తణి హద్దు తేలేసరికి 1960 అయింది. ఆ పైన 2014. ఆంధ్ర, తెలంగాణ అప్పులను 58.32, 41.68 నిష్పత్తిలో పంచుకున్నాయి. హైదరాబాదు ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న తీరిపోయింది. అప్పటికీ విభజన చట్టం తొమ్మిదో, పదో షెడ్యూళ్లలోని ప్రభుత్వ సంస్థల పంపకం పూర్తికాలేదు. ఒకే రాజ్యాంగం, ఒకే సుప్రీంకోర్టు, ఒకే రూపాయి ఉండగా ఇంత కష్టమైంది. రైల్వేలు, రిజర్వు బ్యాంకు, దేశం అప్పు, సైన్యం, కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం పంచుకోవాలంటే ఎన్ని తరాలు పడుతుంది?

సాఫీగా విడిపోయిన వాళ్లు లేరా అంటే ఉన్నారు. చెక్, స్లొవాక్ దేశాలు 1993 జనవరి 1న గొడవ లేకుండా వేరుపడ్డాయి. కొన్నాళ్లు ఒకే కరెన్సీ వాడుకుందామనుకుంటే ఆరు వారాల్లోపే ఆ ఏర్పాటు కూలిపోయింది. టెక్సాస్ విడిపోవడం గురించి అమెరికాలో మనలాగే సరదాగా వాదించుకుంటారు. అక్కడి సుప్రీంకోర్టు 1869లోనే, ఏ రాష్ట్రమూ తనంతట తాను బయటికి పోలేదని తేల్చేసింది. మన దగ్గరా రాజ్యాంగంలో అలాంటి తలుపు లేదు.

నాకు అన్నిటికంటే గట్టిగా తగిలేది భాష. కొత్త దేశం వస్తే అది భాష పేరు మీదే వస్తుంది. అప్పుడు వ్యాసర్పాడిలో, చూళైమేడులో ఉన్న తెలుగు కుటుంబం ఎవరు? ఇవాళ రాజ్యాంగం 29, 30 అధికరణలు భాషాపరమైన మైనారిటీలకు అండగా ఉన్నాయి. 2006 చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసినప్పుడు తెలుగు పిల్లల కోసం మద్రాసు హైకోర్టుకూ, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లగలిగాం. తెలుగువాళ్లను ఎగతాళి చేసే మాటతో గోల్టి అని ఎవరైనా వెక్కిరిస్తే పట్టించుకోకుండా తలెత్తుకు తిరగగలుగుతున్నది ఇది మన దేశం కూడా కాబట్టే. నాలుగు భాషల వాళ్లనూ కలుపుకుంటామన్న ద్రావిడనాడు ఆలోచనకు తమిళ ప్రాంతం బయట మద్దతే దొరకలేదు. 1962 మే నెలలో రాజ్యసభలో దాన్ని గట్టిగా వినిపించిన అన్నాదురై, చైనా యుద్ధం వచ్చాక, విడిపోవాలనే ప్రచారానికి అడ్డుకట్ట వేసిన 16వ రాజ్యాంగ సవరణ వచ్చిన 1963లో ఆ కోరికను వదిలేశారు. కారణాలు మాత్రం అలాగే ఉన్నాయన్నారు. ఆ రెండు మాటల్లోనూ నాకు నిజాయితీ కనిపిస్తుంది.

ఆ కారణాలను పట్టుకుని నడిచిందే రెండో దారి. దానికి పునాది వేసినవారు ఒక తెలుగాయన. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన పి.వి. రాజమన్నార్ తెలుగులో నాటకాలు రాసినవారు, నాలుగో ఆర్థిక సంఘానికి అధ్యక్షులు. 1969లో కరుణానిధి ప్రభుత్వం కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద వేసిన సంఘానికి ఆయనే నాయకులు. మిగిలిన ఇద్దరిలో పి. చంద్రారెడ్డి కూడా తెలుగువారే. 1971 నాటి నివేదికలో వాళ్లు రాష్ట్రపతి పాలన అధికరణలు తీసేయమన్నారు, రాజ్యసభలో చిన్నా పెద్దా తేడా లేకుండా రాష్ట్రాలకు సమాన సీట్లు ఇమ్మన్నారు. ఈ సంగతి ఇక్కడి తెలుగు పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఢిల్లీ ఆ నివేదికను పక్కన పెట్టింది. రెండో దారికి ఉన్న లోపం ఇదే, చాలా నెమ్మది. కానీ వచ్చినవి ఉన్నాయి. పంద్రాగస్టున ముఖ్యమంత్రులు జెండా ఎగరేయడం 1974లో మొదలైంది, అది కరుణానిధి అడిగి సాధించినది. కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద సర్కారియా సంఘం వచ్చింది, 1990లో అంతర్రాష్ట్ర మండలి ఏర్పడింది. 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన బొమ్మై తీర్పుతో రాష్ట్ర ప్రభుత్వాలను ఇష్టం వచ్చినట్టు కూల్చడానికి అడ్డుకట్ట పడింది.

బయట చూస్తే పశ్చిమ ఆస్ట్రేలియా కథ మనకు చాలా దగ్గర. 1933లో అక్కడి ఓటర్లలో మూడింట రెండొంతుల మంది దేశం నుంచి విడిపోతామని ఓటేశారు. బ్రిటిష్ పార్లమెంటు 1935లో ఆ అర్జీ తీసుకోనంది. అయితే ఆ కోపం చూసే, ఏ రాష్ట్రానికి ఎంత సాయం అందాలో లెక్క కట్టే గ్రాంట్స్ కమిషన్ 1933లోనే పుట్టింది. 2015-16లో గనుల ఆదాయం పెరిగిన ఆ రాష్ట్రానికి జనాభా లెక్కన రావాల్సిన ఒక్కో డాలరు జీఎస్టీకి 30 సెంట్లే దక్కాయి. ఈసారి వాళ్లు లోపలే ఉండి పట్టుబట్టారు. 2018లో చట్టం వచ్చింది, వాటా ఇంతకంటే తగ్గకూడదని ముందు 70, తర్వాత 75 సెంట్ల హద్దు పెట్టారు. ఓటుతో బయటికి పోదామన్నప్పుడు రానిది, లోపల ఉండి పట్టుబట్టినప్పుడు వచ్చింది.

కాబట్టి నా ఓటు రెండో దారికే, అందులో నాకు ఊగిసలాట లేదు. ముందు ఏది అడగాలన్నదే ఆలోచించాల్సిన ప్రశ్న. రాజ్యసభలో సమాన సీట్లు న్యాయమైన కోరిక. కానీ దానికి రాజ్యాంగ సవరణ, సగం రాష్ట్రాల ఆమోదం కావాలి. 31 సీట్లున్న ఉత్తరప్రదేశ్ ఎందుకు ఒప్పుకుంటుంది? సీట్ల పంపకం మీద 2025 మార్చి 22న చెన్నైలో జరిగిన సమావేశానికి రేవంత్ రెడ్డి, పినరయి విజయన్ వచ్చారు. ఆ పోరాటం సాగాలి, కానీ అక్కడ ఉత్తరం ఒకవైపు, దక్షిణం ఒకవైపు నిలబడక తప్పదు. సెస్సుల విషయం అలా కాదు. సెస్సులు, సర్‌ఛార్జీలను పంచే మొత్తంలో కలపాలంటే దానికీ సవరణ కావాలి గానీ, కలిపిన రోజున బీహారుకూ, ఉత్తరప్రదేశ్‌కూ కూడా డబ్బు పెరుగుతుంది. తమిళనాడు, కర్ణాటక, కేరళ, రెండు తెలుగు రాష్ట్రాల లోక్‌సభ ఎంపీలు కలిస్తే 129 మంది. మొదట అడగాల్సింది ఇదే, ఎందుకంటే ఈ ఒక్క కోరికకు పాట్నా నుంచి కూడా మద్దతు దొరుకుతుంది.