చీజ్‌కు కొలత: చిట్టి చెంచాలా, చిన్న త్రాసా?

ఇంట్లో చీజ్ చేసేవారికి పాలు కొలవడం కష్టం కాదు. చిటికెడు కల్చర్ పొడి (పాలను పులియబెట్టే బ్యాక్టీరియా పొడి) దగ్గరే చిక్కు. అందుకు రెండు దారులున్నాయి: టీ స్పూనులో 1/8, 1/16, 1/32 వంతు పట్టే చిట్టి చెంచాల సెట్టు, లేదా 0.01 గ్రాము దాకా చూపే నగల త్రాసు.

ఖర్చు: చెంచాలు చవక, బ్యాటరీ అక్కర్లేదు. త్రాసుకు బ్యాటరీతో పాటు సరిచూసుకునే తూకపు రాయి కూడా ఉండాలి.

శ్రమ: చెంచా నింపి కత్తి వీపుతో చదును చేస్తే సరి. త్రాసు ఫ్యాను గాలికే అంకె మార్చేస్తుంది. హైదరాబాదు మే నెలలో ఫ్యాను ఆపి తూచడం చిన్న తపస్సే.

ప్రమాదం: కల్చర్ రేణువులు అన్ని రకాల్లో ఒకేలా ఉండవు కాబట్టి అదే చెంచాలో బరువు మారుతుంది, ఎక్కువైతే పులుపు త్వరగా ఎక్కుతుంది. ఉప్పు దగ్గర తేడా ఇంకా పెద్దది. కల్లుప్పు, మెత్తటి ఉప్పు ఒకే చెంచాలో ఒకే బరువు తూగవు. చెడర్ అనే గట్టి చీజ్‌కు, విరిగిన పాల గడ్డ బరువులో దాదాపు 2 శాతం ఉప్పు వేయాలంటే తూకం తప్పదు. అయితే కిలో గడ్డను నగల త్రాసు మోయలేదు. దానికి బేగంబజారులో గిన్నెలతో పాటే మామూలు వంటింటి త్రాసు కొనుక్కోవాలి. పాలను గడ్డకట్టించే ద్రవ రెన్నెట్‌కు ఇవేవీ వద్దు, మందుల దుకాణంలో దొరికే 1 మి.లీ. సిరంజి, సూది తీసేసి, అన్నిటికంటే నయం.

కల్చర్ బదులు నిమ్మ ఉప్పుతో అప్పటికప్పుడు మోజరెల్లా చేసుకునేవారికి చెంచాలు చాలు. కల్చర్ పెద్ద ప్యాకెట్టు ఫ్రీజర్‌లో దాచుకుని, నెలల తరబడి చెడర్ మాగబెట్టేవారు మాత్రం త్రాసే కొనాలి.