పిల్లలతో ఏ ఊళ్లో స్థిరపడాలి? మే నెల ఎండల్లో విశాఖ, రాజమండ్రి, కాకినాడ చూశాం

నోయిడాలో నవంబరు వచ్చిందంటే మా బాబుకి ఊపిరాడేందుకు మందు పీల్పించే నెబ్యులైజర్ బయటికి తీయాల్సిందే. 2024 నవంబరులో గాలి మరీ పాడై ఢిల్లీ చుట్టుపక్కల బడులు ఆన్‌లైన్‌కి మారాయి. చలీ పొగా లేని ఊరికి, మనవాళ్లున్న చోటికి వెళ్లిపోదామని అప్పుడే గట్టిగా అనుకున్నాం. మా వారి ఉద్యోగం ఇంటి నుంచే. అద్దె, ఫీజులు, సరుకులు అన్నీ ఆ ఒక్క జీతంలో సరిపోవాలి. అందుకే హైదరాబాద్ ఊసెత్తకుండా కోస్తాలో మూడు ఊళ్లు ఎంచుకున్నాం.

కావాలనే మే నెలలో వెళ్లాం. డిసెంబరులో కోస్తాలో ఏ ఊరైనా బాగానే ఉంటుంది. ఉక్కపోతలో, కరెంటు పోయిన రాత్రి పిల్లలు ఎలా నిద్రపోతారో చూస్తేనే అక్కడ కాపురం చేయగలమో లేదో తేలుతుంది. బస కూడా బీచ్ హోటళ్లలో కాకుండా, రేపు అద్దెకు దిగే వీలున్న కాలనీల్లోనే చూసుకున్నాం.

ముందు విశాఖ. ఎంవీపీ కాలనీ చూడగానే నచ్చేసింది. రైతుబజారు దగ్గర, బడికి నడిచి వెళ్లొచ్చు, చీకటి పడ్డాక కూడా ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని తిరుగుతున్నారు. వైద్యంలో మిగతా రెండూ దీనికి సాటిరావు. 1923 నాటి కింగ్ జార్జి ఆస్పత్రి (కేజీహెచ్) మొదలు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి దాకా అన్నీ ఊళ్లోనే. కానీ డబుల్ బెడ్‌రూమ్‌కి ఇరవై వేలకు తక్కువ చెప్పినవాళ్లు లేరు. మధురవాడ వైపు కాస్త తక్కువే గానీ, అక్కడ మేం దిగిన సర్వీస్ అపార్ట్‌మెంట్ చిరాకు పెట్టింది. వంటగది ఉందన్నారు, తీరా చూస్తే ఒక ఇండక్షన్ పొయ్యి, రెండు గిన్నెలు. జనరేటర్ ఉందన్నారు, అది లిఫ్టుకు మాత్రమేనట. ఫ్యాన్ ఆగిన రాత్రి పిల్లలిద్దరికీ విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. బుక్ చేసేముందు "ఫ్లాట్‌లో ఫ్యాన్లకు బ్యాకప్ ఉందా?" అని విడిగా అడగండి.

మాకు గాలి ముఖ్యం కాబట్టి పోర్టు వైపు కూడా వెళ్లి చూశాం. జ్ఞానాపురం దగ్గర తెలిసినవాళ్లింట్లో కిటికీ గట్టు తుడిస్తే గుడ్డకు నల్లటి బొగ్గుపొడి అంటింది. 2020 మేలో ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయిన సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. విశాఖలో ఇల్లు వెతికేవాళ్లు సముద్రం ఎంత దగ్గరో కాదు, ఫ్యాక్టరీలు ఎంత దూరమో ముందు చూసుకోవాలి.

రాజమండ్రిలో ఎక్కువ ఆగలేదు. గోదావరి గట్టు, గౌతమీ గ్రంథాలయం, మెయిన్ లైన్ రైళ్లు, మధురపూడిలో విమానాశ్రయం, దానవాయిపేటలో మాకందే అద్దెలు, అన్నీ బాగున్నాయి. ఎండే మావల్ల కాలేదు. సముద్రపు గాలి అంతదూరం రాదు. పదకొండు దాటితే వడగాలి, పిల్లలు సాయంత్రం ఆరుదాకా గదిలోంచి కదల్లేదు.

కాకినాడలో మా పిన్నికి తెలిసినవాళ్లు రామారావుపేటలో పై పోర్షన్ కొన్నాళ్లకు ఇచ్చారు. వీధులు తిన్నగా, గళ్లు గీసినట్టుంటాయి. ఆటోవాళ్లకు దారి చెప్పే పనే లేదు. ఉక్క ఇక్కడా ఉంది. కానీ నాలుగు దాటేసరికి సముద్రపు గాలి తిరుగుతుంది, పిల్లలు వీధిలోకి పరిగెత్తేవాళ్లు. మేం చూసిన ఇళ్లలో డబుల్ బెడ్‌రూమ్ పది, పన్నెండు వేలకు దొరుకుతోంది. అడ్వాన్స్ రెండు నెలలే.

నీళ్ల సంగతి మాత్రం ఇంటి ఓనరమ్మగారు మొహమాటం లేకుండా చెప్పారు. "బోరు నీళ్లు ఉప్పండి, వంటకి పనికిరావు. కుళాయి నీళ్లు వచ్చినప్పుడే సంపు నింపేసుకోవాలి. మర్చిపోయారంటే ఆ రోజుకి అంతేనండి." బోరు నీళ్లతో కడిగిన స్టీలు గిన్నె ఆరాక దాని మీద తెల్లటి చారలు కట్టాయి. ఆ తర్వాత చూసిన ప్రతి ఇంట్లోనూ సంపు మూత తీయించి, ఎంత లోతుందో చూశాను.

బడుల విషయంలో మూడు ఊళ్లదీ ఒకటే బాధ. అపార్ట్‌మెంట్ లాంటి భవనం, మైదానం ఉండదు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటారు. పదకొండేళ్ల పిల్లాడికి అంత టెన్షన్ ఎందుకో నాకు అర్థం కాదు. కాకినాడలో చెట్లూ మైదానమూ ఉన్న పాత బడి ఒకటి దొరికింది. మావాడికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదని భయపడుతూ చెప్పాను. "సెలవుల్లో గుణింతాలు రాయించండమ్మా, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు తెలుగు మేష్టారు. ఆయన మాటతో సగం బెంగ తీరింది.

కాకినాడలో లోట్లు లేకపోలేదు. మెయిన్ లైన్ రైలు కావాలంటే సామర్లకోట వెళ్లాలి, విమానానికి మధురపూడి. ఊళ్లో పెద్ద ప్రభుత్వాసుపత్రి, రంగరాయ వైద్య కళాశాల ఉన్నా, ఏదైనా క్లిష్టమైన జబ్బయితే విశాఖకు పరిగెత్తాల్సిందే. ఊపిరి సమస్య ఉన్న పిల్లాడున్నాడు కాబట్టి ఇంటికి దగ్గర్లో రాత్రిపూట కూడా చూసే పిల్లల డాక్టరు ఉన్నారని నిర్ధారించుకున్నాకే మనసు కుదుటపడింది.

అన్నీ బేరీజు వేసుకుని కాకినాడకే మొగ్గాం. పదకొండు నెలల అగ్రిమెంట్ మీద అద్దెకు దిగాం. ఉప్పాడ దారిలో స్థలాలు చవకని మధ్యవర్తులు వెంటపడ్డారు. వెళ్లి చూస్తే సముద్రం కోసేసిన గట్టు, సగం కూలిన ఇళ్లు, రోడ్డు నిలబడాలని పోసిన రాళ్లు కనిపించాయి. అటువైపు పైసా పెట్టేది లేదు. ఊళ్లో కొనాలన్నా అక్టోబరు, నవంబరు వానల్లో ఏ వీధిలో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయో కళ్లారా చూశాకే.