చిన్న పిల్లలకు బడి ఎలా ఉందో తెలియాలంటే: ప్రశ్నల కాగితమా, బొమ్మా, బడి చూపించమనడమా? ఏది మేలు?

"బడి ఎలా ఉంది?" అని అడిగితే ఐదో తరగతి లోపు పిల్లలు చాలామంది "బాగుంది" అనేసి ఆటకు వెళ్లిపోతారు. అది అబద్ధం కాదు, కానీ దానివల్ల మనకు తెలిసిందీ లేదు. మనం అడిగేది చదువు గురించి. వాళ్లు బడిని తూచేది వేరే సంగతులతో: పక్కన ఎవరు కూర్చున్నారు, ఆటల పీరియడ్ ఉందా, టీచర్ అందరి ముందూ కోప్పడ్డారా, బాత్‌రూమ్ గడియ పడుతుందా. ఇవి బయటికి వచ్చే పద్ధతి ఏదో అదే మేలైనదని నా లెక్క.

బడులకు సులువుగా తోచేది ప్రశ్నల కాగితం. నవ్వుముఖం, మామూలు ముఖం, ఏడుపుముఖం. ఒకదానికి టిక్కు పెడితే చాలు. ఒక్క గంటలో బడి మొత్తం అభిప్రాయం చేతికొస్తుంది. అమెరికాలో ఎప్‌స్టీన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే పరిశోధకులు 1976లో ప్రచురించిన ప్రశ్నావళి బడి మీద తృప్తిని, తరగతి పని మీద ఆసక్తిని, టీచర్ల మీద అభిప్రాయాన్ని విడివిడిగా కొలిచింది. అలా విడదీయడం చాలా అవసరం. టీచరంటే ప్రాణం పెట్టే పాపకు కూడా లెక్కలు విసుగు పుట్టించవచ్చు. అయితే అది నాలుగో తరగతి నుంచి పైవాళ్ల కోసం తయారైంది. ఇంకా చిన్నవాళ్లకు ముఖాల కాగితం ఇస్తే అన్నిటికీ పెద్ద నవ్వుముఖమే ఎంచుకునే అలవాటు ఎక్కువ. అడిగిందే మళ్లీ అడిగితే, ముందు చెప్పింది తప్పేమో అనుకుని మాట మార్చేస్తారు కూడా.

బొమ్మ సంగతి వేరు. నిన్నూ, టీచర్‌నూ, స్నేహితులనూ ఏదో పని చేస్తున్నట్టు గీయమని అడిగే పద్ధతిని ప్రౌట్, ఫిలిప్స్ 1974లో పరిచయం చేశారు. నోరు విప్పని పిల్లలకు ఇది మంచి దారి. చిక్కంతా పెద్దవాళ్లతోనే. టీచర్‌ను పెద్దగా గీస్తే భయమనీ, నలుపు రంగు వాడితే దిగులనీ తేల్చేస్తాం. చేతికి అందిన క్రేయాన్ అదే అయి ఉండవచ్చు కదా! "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని పిల్లల్నే అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోకపోతే ఆ బొమ్మ మీద తీర్పు చెప్పకూడదు.

నా ఓటు మూడోదానికి. "మీ బడి నాకు చూపించు" అని పిల్లల వెంట నడవడం. బ్రిటన్‌లో అలిసన్ క్లార్క్, పీటర్ మాస్ 2001లో వివరించిన మొజాయిక్ పద్ధతిలో ఐదేళ్లలోపు పిల్లలే కెమెరా పట్టుకుని, తమకు ముఖ్యమైన చోట్లను ఫొటోలు తీశారు, పెద్దలను వెంట తిప్పుకుని ఆ చోట్లు చూపించారు. ప్రాథమిక తరగతులకూ ఇది బాగా నప్పుతుంది. ఎటు తీసుకెళ్లాలో పిల్లలే నిర్ణయిస్తారు కాబట్టి, మనకు అడగాలని తోచని విషయం కూడా బయటపడుతుంది. మెట్ల కింద మూల గురించి ఏ ప్రశ్నావళి అడుగుతుంది? కాకపోతే సమయం చాలా పడుతుంది. గుంపుగా వెళ్తే గట్టిగా మాట్లాడేవాళ్లదే రాజ్యం, అందుకే ఇద్దరు ముగ్గురిని మించి వద్దు. వెంట నడిచేది క్లాస్ టీచర్ కాకపోతే ఇంకా మంచిది. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి. ఎవరైనా కొడుతున్నారని తెలిస్తే చెప్పక తప్పదు, ఆ సంగతి ముందే చెప్పాలి.

మూడో తరగతి వరకు నడకే ముందు, బిడియస్తులకు బొమ్మ. నాలుగు, ఐదు తరగతులకు పేరు రాయనక్కర్లేని కాగితం ఇచ్చి, "బడిలో నీకు వెళ్లాలనిపించని చోటు ఏది?" లాంటి ప్రశ్నకు సొంత మాటల్లో రాయనివ్వాలి. సగటు మాత్రం తీయకండి. తరగతిలో ఇద్దరు ఏడుపుముఖం, మిగతా అందరూ నవ్వుముఖం పెడితే, వెతకాల్సింది ఆ ఇద్దరి కష్టమేమిటనే.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలోని 12వ అధికరణం పిల్లల అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలంటుంది. కాబట్టి ఏ పద్ధతిలో అడిగినా, కొద్ది రోజుల్లోనే వాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లి ఏది మారుస్తున్నామో, ఏది ఎందుకు మార్చలేమో వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. అలా చెప్పకుండా వచ్చే ఏడాది మళ్లీ అడిగితే, మళ్లీ "బాగుంది" అనే అంటారు.