ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సార్: ట్యూనా, కిట్టా, ఉత్త డిస్‌ప్లేనా? ఏది మేలు?

కాలిఫోర్నియాలో ఉంటున్న మనవాళ్లు ఈ మధ్య పదే పదే అడుగుతున్నది ఒకటే: "టర్బో కారుకి ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సార్ పెట్టిస్తే స్మాగ్ చెక్ పాసవుతుందా?" ఇంధనంలో ఇథనాల్ ఎంత శాతం ఉందో కొలిచేది ఈ సెన్సార్, స్మాగ్ చెక్ అంటే అక్కడ కార్లకు చేసే కాలుష్య పరీక్ష. నేను కూడా మా కారు విషయంలో మొన్నీమధ్యే ఇది తేల్చుకోవాల్సి వచ్చింది. ఈ85తో (ఇథనాల్ ఎక్కువ పాళ్లలో కలిపిన పెట్రోలుతో) నాకింగ్, అంటే ఇంజన్‌లో ఇంధనం అదుపు తప్పి మండడం, ఎందుకు తగ్గుతుందో, పవర్ ఎందుకు పెరుగుతుందో మీకు తెలిసిందే కాబట్టి నేరుగా అసలు సంగతికి వస్తాను.

సెన్సార్‌తో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా అది చెప్పింది విని ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు తెరుచుకుని ఉండే సమయాన్ని మార్చే సాఫ్ట్‌వేర్‌తోనే. థర్మామీటర్ జ్వరం ఎంతో చెబుతుంది, మందు వేయదు కదా. సెన్సార్‌కి ఉండేవి మూడే వైర్లు: పవర్, గ్రౌండ్, సిగ్నల్. ఇంధనంలో ఇథనాల్ అసలు లేకపోతే సిగ్నల్ 50 హెర్ట్జ్, మొత్తం ఇథనాలే అయితే 150 హెర్ట్జ్. పది శాతం ఇథనాల్ ఉండే మామూలు ఈ10 పెట్రోలుకి 60 దగ్గర ఉంటుంది. ఈ85 అని రాసి ఉన్న పంపు దగ్గర ట్యాంకు నింపించినా చలికాలంలో 115 దగ్గరే ఆగిపోవచ్చు. అమెరికాలో ఆ పేరుతో అమ్మేదాంట్లో ఇథనాల్ 51 నుంచి 83 శాతం వరకు ఎంతైనా ఉండొచ్చు మరి. పంపు మీద రాసింది నమ్మి ట్యూన్ చేయిస్తే ఏదో ఒక నెలలో దెబ్బతింటాం. సెన్సార్ కావాలనేది అందుకే.

ఇక దారులు. మొదటిది ట్యూన్: ఈసీయూని (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌ని) రీఫ్లాష్ చేయించి, అంటే దాని సాఫ్ట్‌వేర్ మార్పించి, సెన్సార్‌ని నేరుగా దానికి కలపడం. బండి నడిచే తీరు చూస్తే దీన్ని మించింది లేదు. ట్యాంకులో ఏ పాళ్లు ఉన్నా ఇంధనం, ఇగ్నిషన్ టైమింగ్, బూస్ట్ అన్నీ దానికి తగ్గట్టు మారిపోతాయి. అయితే 2021 జులై 19 నుంచి కాలిఫోర్నియా స్మాగ్ చెక్‌లో సాఫ్ట్‌వేర్‌ని కూడా చూస్తున్నారు. ఈసీయూలో ఉన్న క్యాలిబ్రేషన్‌కి (ఇంధనం, టైమింగ్ లాంటి సెట్టింగులకి) ఒక ఐడీ ఉంటుంది, దాని లోపలి అంకెలన్నిటి నుంచి లెక్కగట్టిన సీవీఎన్ అనే కోడ్ ఒకటి ఉంటుంది. ఫ్యూయల్ మ్యాప్‌లో ఒక్క గడి మార్చినా సీవీఎన్ మారిపోతుంది. మీ స్కానర్‌లో వెహికల్ ఇన్ఫో పేజీ ఉంటే మీరే చూసుకోవచ్చు. అది కంపెనీ సాఫ్ట్‌వేర్‌ది కాకుండా, కార్బ్ (కాలిఫోర్నియా వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) అనుమతి ఉన్నదీ కాకుండా పోతే కారు ఫెయిల్.

"టెస్ట్ ముందు స్టాక్‌కి (కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి) ఫ్లాష్ చేసేసి, తర్వాత మళ్లీ మార్చుకుంటే పోలా?" అంటారు చాలామంది. ఫ్లాష్ చేస్తే మానిటర్లు (ఈసీయూ తనంతట తాను చేసుకునే తనిఖీల ఫలితాలు) చెరిగిపోతాయి, అవి మళ్లీ రెడీ అయ్యేదాకా కారుని రకరకాలుగా నడుపుతూ డ్రైవ్ సైకిల్స్ తిప్పాలి. అది పెద్ద ఇబ్బంది కాదనుకున్నా, చట్టం వర్తించేది టెస్ట్ రోజున ఒక్కటే కాదు. ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ దృష్టిలో ఇది ట్యాంపరింగే (కాలుష్య నియంత్రణ ఏర్పాట్లని మార్చేయడమే), మీ రాష్ట్రంలో స్మాగ్ చెక్ లేకపోయినా సరే.

ఇదంతా కాగితాల గోల అని నేను అనుకోవడం లేదు. నా దృష్టిలో అసలు తేల్చేది కోల్డ్ స్టార్ట్. చల్లటి ఇంజన్‌లో ఇథనాల్ సరిగా ఆవిరి కాదు, అందుకని స్టార్ట్ చేసేటప్పుడు ఇంధనం ఎక్కువగా పోయాల్సి వస్తుంది. అదే సమయంలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఇంకా వేడెక్కి ఉండదు. కాలకుండా మిగిలిన ఇంధనం, ఈ85తో ఎక్కువగా పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే హానికర రసాయనం సైలెన్సర్ గొట్టంలోంచి నేరుగా బయటికి వచ్చేస్తాయి. ఒక ప్రయాణం మొత్తం మీద వచ్చే కాలుష్యంలో పెద్ద వాటా ఈ మొదటి నిమిషంలోదే. ట్యూనర్ డైనో (కారు పవర్ కొలిచే యంత్రం) మీద చూసేది వేడెక్కిన ఇంజన్‌ని, ఫుల్ థ్రాటిల్‌లో. తెల్లవారుజామున చలిలో స్టార్ట్ చేస్తే ఆ మొదటి నిమిషం ఎలా ఉంటుందో డైనో షీట్‌లో కనపడదు. పార్కింగ్‌లో పక్కన నిలబడి పీల్చేది మన పిల్లలే కాబట్టి నాకు ఇది చిన్న విషయం కాదు.

అందుకే నా మొగ్గు రెండో దారికి: కార్బ్ ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అనే అనుమతి పత్రం, అంటే ఈఓ ఉన్న కిట్. ఇందులో ఉద్గారాల లెక్క కార్బ్ ముందు పెట్టి ఒప్పించే బాధ్యత తయారీదారుదే. కొనేముందు ఈఓ నంబర్ అడగండి, అది ఇంగ్లిష్ డీ అక్షరంతో మొదలవుతుంది. ఆ నంబర్‌తో కార్బ్ వెబ్‌సైట్‌లో పత్రం తెరిచి, మీ మోడల్ సంవత్సరం, ఇంజన్ సైజు అందులో ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. అదే కారు, అదే ఇంజన్ అయినా ఒక్క ఏడాది తేడాతో జాబితాలో లేకుండా పోవచ్చు. ప్రకటనలో "మీ కారుకి సరిపోతుంది" అని ఉంటే బోల్టులు సరిపోతాయని మాత్రమే. "అనుమతి రావాల్సి ఉంది" అంటే ఇంకా రాలేదనే. కిట్‌తో వచ్చే ఈఓ స్టిక్కర్ బానెట్ కింద కనపడేలా అంటించండి, విజువల్ చెక్‌లో ఇన్‌స్పెక్టర్ దానికోసం చూస్తాడు. మా ఇంజన్‌కి ఈఓ ఉన్న కిట్ దొరకలేదు, అందుకే మేం కారుని అలాగే ఉంచేశాం.

ఫ్రాన్స్‌లో ఈ పని మరింత తేలిక. 2017 నవంబర్ 30 నాటి ఉత్తర్వుతో ఆమోదం పొందిన, మామూలు కారుని ఈ85తో నడిపించే బాక్సులు అక్కడ వచ్చాయి. కానీ ఆ ఆమోదం ఇక్కడ చెల్లదు, అక్కడి నుంచి తెప్పించుకుని లాభం లేదు.

ఈఓ లేని పిగ్గీబ్యాక్ బాక్సులు (ఈసీయూకి, ఇంజెక్టర్లకి మధ్య తగిలించేవి) ఇంజెక్టర్ పల్స్‌ని మాత్రమే సాగదీస్తాయి, ఈసీయూ జోలికి పోవు కాబట్టి సీవీఎన్ మారదు. అంతమాత్రాన చట్టబద్ధం అయిపోవు. వద్దనే చెబుతాను.

ఉత్త డిస్‌ప్లేకి సెన్సార్ పెట్టుకుంటే క్యాలిబ్రేషన్ మారదు. కానీ ఫ్లెక్స్ కాని (ఈ85 కోసం తయారుచేయని) కారుకి, అది 2001 మోడల్ లేదా ఆ తర్వాతిదైతే, అనుమతి ఈ15 వరకే. ఇక శాతం తెలిసి చేసేదేముంది? అయినా కావాలంటే కంపెనీ లైన్‌ని కోయకుండా క్విక్ కనెక్ట్ ఫిట్టింగులతో, డైరెక్ట్ ఇంజెక్షన్ కారైతే లో ప్రెషర్ వైపు మాత్రమే పెట్టించండి. ఇంధనం చుక్క కారినా స్మాగ్ చెక్‌లో పోతుంది. అనుమానం ఉంటే స్మాగ్ రెఫరీని (స్మాగ్ చెక్ సందేహాలు, వివాదాలు తేల్చే రాష్ట్ర కేంద్రాన్ని) ముందే అడగండి.

పవర్ కోసం కాకుండా ఈ85 చవకగా దొరుకుతోందనే ఆలోచన అయితే, మార్పులేవీ పెట్టుకోకుండా ఫ్యాక్టరీ ఫ్లెక్స్ ఫ్యూయల్ కారునే సెకండ్ హ్యాండ్‌లో చూసుకోండి. ఈ85 మీద మైలేజీ తగ్గుతుంది, ఆ లెక్క కూడా కలుపుకోండి. ఇలాంటి కార్లలో చాలావాటికి అసలు సెన్సారే ఉండదు, ఆక్సిజన్ సెన్సార్ రీడింగుల నుంచి ఇథనాల్ శాతాన్ని ఈసీయూ అంచనా వేసుకుంటుంది. కాబట్టి ఇంధనం మార్చి నింపించినప్పుడు వెంటనే ఇంటికెళ్లి ఆపేయకుండా, కొన్ని మైళ్లు నడిపి ఆపండి. ఈసీయూ నేర్చుకునేలోపే ఆపేస్తే మర్నాడు పొద్దున స్టార్టింగ్‌కి మొరాయిస్తుంది.