కోటబొమ్మాళి నుంచి ప్యారిస్ దాకా: రాజకీయ థ్రిల్లర్ రీమేకులు అసలు సినిమాలకు సాటి వస్తాయా?

ముందే చెప్పేస్తున్నా, చాలావరకు రావు. ఎందుకు రావో, వచ్చిన ఒకటి రెండు ఎందుకు వచ్చాయో చెప్పాలంటే మన శ్రీకాకుళం జిల్లా నుంచే మొదలుపెట్టాలి. మన ఊరి పేరు పెట్టుకుని వచ్చిన పొలిటికల్ థ్రిల్లరే ఒక రీమేక్ మరి. 'కోటబొమ్మాళి పీఎస్' 2023 నవంబరులో విడుదలైంది. తేజ మార్ని దర్శకుడు. శ్రీకాంత్, రాహుల్ విజయ్, శివాని రాజశేఖర్, వరలక్ష్మి శరత్‌కుమార్ ముఖ్య పాత్రలు. దీనికి మూలం 2021లో వచ్చిన మలయాళం సినిమా 'నాయాట్టు'. మార్టిన్ ప్రక్కాట్ తీశాడు, షాహీ కబీర్ రాశాడు. ఆ రచయిత స్వయంగా పోలీసు ఉద్యోగం చేసినవాడు, స్టేషన్లో ఎవరు ఎవరితో ఏ గొంతుతో మాట్లాడతారో తెలిసినవాడు, ఆ తెలిసినతనం సినిమా అంతా కనిపిస్తుంది.

కథ రెండింటిలోనూ ఒకటే. ఉప ఎన్నిక దగ్గర పడుతుంది, ఒక జీపు ప్రమాదంలో ఒక కుర్రాడు చనిపోతాడు, ఆ కుర్రాడి కులం ఓట్లు కావాలి కాబట్టి ప్రభుత్వానికి తెల్లారేసరికి అరెస్టులు కావాలి. చిన్న ఉద్యోగాలు చేసుకునే ముగ్గురు పోలీసులు పారిపోతారు. వాళ్ళని తరిమేది వాళ్ళ డిపార్ట్‌మెంటే. నిన్నటిదాకా పైవాళ్ళు చెప్పిన పని చేసినవాళ్ళే ఇప్పుడు పైవాళ్ళకి బలి కావాలి. 'నాయాట్టు'లో జోజు జార్జ్ మొహం చూడండి, కొండ మీద దాక్కున్నప్పుడు ఆయనకి తన ప్రాణం కంటే కూతురు గురించే బెంగ ఎక్కువ. అక్కడ తెలివైన ఎత్తులేమీ ఉండవు. ఆ ముగ్గురి దగ్గర ప్లాన్ లేదు, డబ్బు లేదు, సాయం చేసేవాడు లేడు, మనకి ఊపిరాడనిది అందుకే.

తెలుగులో శ్రీకాంత్ బాగా చేశాడు, మనస్ఫూర్తిగా అంటున్నా, ఇన్నేళ్ళ తర్వాత ఆయనకి సరైన పాత్ర దొరికింది. మన యాస కూడా వెక్కిరింపుగా లేకుండా ఉంది, అది చిన్న విషయం కాదు, సినిమాల్లో మన మాట ఎప్పుడూ కామెడీకే వాడతారు కాబట్టి. 'లింగిడి' పాట సంగతి సరేసరి, మన దగ్గర పెళ్ళి బరాతుల్లో దాన్ని తప్పించుకోవడం కష్టం. కానీ కథ పరుగు మొదలయ్యాక ఇది వరలక్ష్మి చేసిన ఎస్పీకీ శ్రీకాంత్ చేసిన హెడ్ కానిస్టేబుల్‌కీ మధ్య ఎత్తుకు పై ఎత్తు ఆట అయిపోతుంది. ఆమె ఒకటి వేస్తే ఈయన ఇంకోటి వేస్తాడు, హాల్లో విజిల్ పడుతుంది, బాగానే ఉంటుంది. అయితే హీరో ఒక అడుగు ముందే ఉన్నాడని తెలిసిపోయాక ఇంక టెన్షన్ ఎక్కడిది? మూలంలో వ్యవస్థ ఏనుగంత, మనిషి చీమంత. ఇక్కడ ఇద్దరూ దాదాపు ఒకే కొలతకి వచ్చేశారు.

ఇంకో బాధ కూడా ఉంది, అది ఈ జిల్లావాడిగా నాది. కోటబొమ్మాళి మండలం టెక్కలి నియోజకవర్గంలో ఉంది. అదే నియోజకవర్గంలో పక్కనే సంతబొమ్మాళి మండలం, అందులో కాకరాపల్లి. థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2011 ఫిబ్రవరి 28న అక్కడ పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అంతకు కొన్ని నెలల ముందే, 2010 జులై 14న, సోంపేటలో బీల అనే చిత్తడి భూముల కోసం నిలబడ్డ రైతుల మీద కూడా అలాగే జరిగింది. ఆ రోజుల్లో లాఠీ పట్టుకుని నిలబడ్డ కానిస్టేబుళ్ళలో ఎంతమంది చుట్టుపక్కల ఊళ్ళ రైతుల పిల్లలై ఉంటారు! పైనుంచి ఆర్డరు, ఎదురుగా సొంత మనుషులు. 'నాయాట్టు' లాంటి కథకి ఇంతకంటే దగ్గరి నేల ఎక్కడ దొరుకుతుంది? సినిమా మన దగ్గర నుంచి పేరు, యాస, పాట తీసుకుంది. మన భయాన్ని మాత్రం తీసుకోలేదు, ఆ భయం కేరళదే, తెలుగులోకి దింపారంతే.

నేను చెప్పదలుచుకున్న అసలు విషయం కూడా ఇదే. మంచి పొలిటికల్ థ్రిల్లర్ తీసినవాడు దేనికో నిజంగా భయపడి తీస్తాడు. రీమేక్ తీసేవాడు ఆ సినిమాని ఇష్టపడి తీస్తాడు. ఇష్టం ఒక్కటే సరిపోదు, వాడికి కూడా తన చుట్టూ ఉన్నదాన్ని చూసి భయం వేయాలి.

అలా భయం వేసి తీసినది ఒకటుంది, 'షాంఘై'. దిబాకర్ బెనర్జీ 2012లో హిందీలో తీశాడు. దానికి మూలం వాసిలికోస్ రాసిన గ్రీకు నవల 'జడ్'. అదే నవలని 1969లో కోస్టా గావ్రాస్ సినిమాగా తీస్తే ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. 1963లో గ్రీసులో లాంబ్రాకిస్ అనే పార్లమెంటు సభ్యుణ్ణి సభ అయిపోయాక నడిరోడ్డు మీద, మూడు చక్రాల బండి మీంచి కొట్టి చంపారు, పోలీసులు దాన్ని యాక్సిడెంట్ అన్నారు. సినిమా తీసేనాటికి గ్రీసు సైన్యం చేతిలో ఉంది, సంగీతం ఇచ్చిన థియోడొరాకిస్ ఆ ప్రభుత్వం నిర్బంధంలో ఉన్నాడు, షూటింగ్ అల్జీరియాలో చేసుకోవాల్సి వచ్చింది. మామూలుగా సినిమా మొదట్లో 'ఇందులోని పాత్రలు కల్పితం' అని వేస్తారు కదా, 'జడ్' మొదట్లో పోలికలు కావాలనే పెట్టాం అని వేశారు. ఆ ఒక్క కార్డు చాలు, ఎలాంటి పరిస్థితుల్లో తీశారో తెలియడానికి.

'షాంఘై' ఆ సీన్లని మక్కీకి మక్కీ దింపే పని పెట్టుకోలేదు. భారత్ నగర్ అనే ఊరు, అక్కడ పేదల ఇళ్ళు తీసేసి బిజినెస్ పార్కు కడతామంటారు, వద్దన్న డాక్టర్ అహ్మదీని టెంపోతో గుద్దిస్తారు. విచారణ చేసేది అభయ్ డియోల్ వేసిన ఐఏఎస్ అధికారి. చొక్కా నలగని మనిషి, గొంతు పెంచడు, ఫైలు పక్కన పెట్టి ప్రమోషన్ తీసుకుని వెళ్ళిపోవచ్చు. అతను వెళ్ళిపోతాడేమో అన్నదే సస్పెన్స్. ఇది చూస్తున్నంతసేపూ నాకు సోంపేటే కళ్ళముందు ఆడింది. అభివృద్ధి అనే మాటని ఊరేగింపులో పాడుతూ మనుషుల్ని తొక్కుకుంటూ పోవడం మనం చూసిందే. 'జడ్' వేగం దీనికి లేదు, మధ్యలో ఇమ్రాన్ హష్మి పాత్ర కొంచెం తడబడుతుంది కూడా. అయినా గ్రీసు కథ మన దేశం కథ అయిపోయింది. నేను చూసినవాటిలో మూలం పక్కన తలెత్తుకుని నిలబడ్డ రీమేక్ అంటే ముందు ఇదే గుర్తొస్తుంది.

ఇక పూర్తిగా తేలిపోయినదాని గురించి. ఫ్రెడ్ జిన్నెమాన్ 1973లో తీసిన 'ద డే ఆఫ్ ద జాకాల్'. ఫ్రెడరిక్ ఫోర్సైత్ నవల. అల్జీరియాకి స్వాతంత్ర్యం ఇచ్చాడన్న కోపంతో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని చంపడానికి ఒక కిరాయి హంతకుణ్ణి పెడతారు. డిగాల్ హత్యకి గురికాలేదని, 1970లో మామూలుగానే పోయాడని లోకానికంతా తెలుసు. అంటే ముగింపు తెలిసి కూర్చుంటాం. అయినా రెండు గంటల పైన కుర్చీ అంచునే కూర్చుంటాం, అదీ పనితనం. జిన్నెమాన్ పెద్ద స్టార్ వద్దని అప్పటికి జనానికి అంతగా తెలియని ఎడ్వర్డ్ ఫాక్స్‌ని తీసుకున్నాడు, గుంపులో కలిసిపోయే మొహం కావాలి కాబట్టి. నేపథ్య సంగీతం దాదాపు ఉండదు. హంతకుడు శ్మశానంలో ఎప్పుడో చనిపోయిన పసివాడి పేరు వెతికి ఆ పేరుతో పాస్‌పోర్టు తీసుకుంటాడు, అడవిలో చెట్టుకి పుచ్చకాయ వేలాడదీసి, దాని మీద మొహం గీసి, ఒక్కో గుండు పేల్చుతూ తుపాకీ గురి సరిచేసుకుంటాడు. ఎవరూ ఏమీ మాట్లాడరు. చివరి గుండుకి పుచ్చకాయ పగిలిపోయినప్పుడు అది డిగాల్ తలే అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అటువైపు వెతికే పోలీసు లెబెల్ నలిగిన కోటు వేసుకున్న మామూలు ఉద్యోగి. ఫోన్లు, హోటల్ రిజిస్టర్లు, చీటీలు, నిద్రలేని రాత్రులు, అతని ఆయుధాలు అవే.

1997లో వచ్చిన 'ద జాకాల్'లో బ్రూస్ విల్లిస్, రిచర్డ్ గేర్. పాత పేరు పూర్తిగా వాడుకోవడానికి జిన్నెమాన్ ఒప్పుకోలేదు, అందుకే పేరు సగమయ్యింది. డిగాల్ పోయాడు, అల్జీరియా పోయింది, రాజకీయం అనేదే పోయింది, పగబట్టిన రష్యా మాఫియా వచ్చింది. పుచ్చకాయ దగ్గర ఇప్పుడు రిమోట్‌తో తిరిగే రాక్షసి మెషిన్ గన్ ఉంది, మనిషి చెయ్యే ఎగిరిపోతుంది. విల్లిస్ ఎన్ని విగ్గులు మార్చినా ప్రతి విగ్గు కింద విల్లిసే. తుపాకీ పెద్దదయ్యేకొద్దీ భయం తగ్గిపోయింది, డబ్బులు పెట్టి చూసే పని లేదు. 2024లో ఎడ్డీ రెడ్‌మేన్‌తో వచ్చిన సిరీస్ దీనికంటే చాలా నయం. హంతకుడికి భార్యనీ బిడ్డనీ ఇచ్చి కొత్త గుబులు పుట్టించారు, కాకపోతే సాగదీత ఎక్కువ.

'ద మంచూరియన్ క్యాండిడేట్' మధ్యలో ఉంటుంది. ఫ్రాంకెన్‌హైమర్ తీసిన అసలుది 1962 అక్టోబరులో, సరిగ్గా అమెరికాకీ సోవియట్ యూనియన్‌కీ మధ్య క్యూబా క్షిపణుల గొడవ నడుస్తుండగా విడుదలైంది. కొరియా యుద్ధంలో పట్టుబడ్డ అమెరికన్ సైనికుడి బుర్ర మార్చి హంతకుడిగా ఇంటికి పంపిస్తారు. సైనికుల కంటికి ఆడవాళ్ళ పూలమొక్కల క్లబ్బు మీటింగు కనిపిస్తుంటుంది, కెమెరా చుట్టూ తిరిగి వచ్చేసరికి అక్కడ శత్రువుల అధికారులు కూర్చుని ఉంటారు. ఆ సీన్‌కి ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది. ఇంకోచోట, ప్రభుత్వంలో కమ్యూనిస్టులు ఎంతమంది ఉన్నారో ఒక లెక్క చెప్పాల్సిన సెనేటర్‌కి అంకె గుర్తుండదు. కెచప్ సీసా మీద 57 అని ఉంటే అదే ఖాయం చేసుకుంటాడు. అబద్ధం రాజకీయంలోకి ఎంత తేలిగ్గా వస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి సీన్ నాకు తెలియదు. తల్లిగా వేసిన ఏంజెలా లాన్స్‌బరీ, కొడుకుగా వేసిన లారెన్స్ హార్వే కంటే వయసులో మూడేళ్ళే పెద్ద, తెర మీద ఆ ఆలోచనే రాదు.

2004లో జోనథన్ డెమీ తీసినదాంట్లో కొరియా బదులు గల్ఫ్ యుద్ధం, కమ్యూనిస్టుల బదులు మంచూరియన్ గ్లోబల్ అనే కంపెనీ. ఆ మార్పు సరైనది, నిజాయితీ ఉన్నది. ఎన్నికల వెనక ఎవరి డబ్బుందన్న భయం ఇప్పటిదే కదా. మెరిల్ స్ట్రీప్ గదిలోకి వస్తే మిగతావాళ్ళు సర్దుకుని కూర్చుంటారు. డెంజెల్ వాషింగ్టన్ తన బుర్రని తానే నమ్మలేని మనిషిగా బాగా చేశాడు. పోయిందల్లా ఆ విచిత్రమే. అప్పట్లో పేకముక్కల్లో డైమండ్ రాణి కనిపిస్తే మనిషి బొమ్మైపోయేవాడు, ఇప్పుడు ఒంట్లో చిప్ పెట్టారు. చిప్ అంటే అర్థమైపోతుంది, పేకముక్క అర్థం కాదు, అర్థం కానిదే రాత్రి నిద్రలో వస్తుంది. అయినా చూడండి, అసలుది చూశాక చూడండి.

మనవాటికి వస్తే, 1985లో టి. కృష్ణ తీసిన 'ప్రతిఘటన' హిందీలో 1987లో 'ప్రతిఘాత్' అయ్యింది, ఎన్. చంద్ర దర్శకుడు, విజయశాంతి చేసిన లెక్చరర్ పాత్ర సుజాతా మెహతా చేసింది. విలన్ కాళి పాత్రకి రెండింటిలోనూ చరణ్‌రాజే. సుత్తి వేలు చేసిన మతి చెదిరిన పోలీసు పాత్ర అక్కడ నానా పటేకర్ చేశాడు. మా మావయ్య 'ప్రతిఘటన' వచ్చిన కొత్తలో హాల్లో చూసినవాడు, ఆయనకి హిందీది పెట్టి చూపించాను.

"కాళి వస్తంటే అప్పుడెలాగుండీదో ఇప్పుడూ అలాగే ఉందిరా" అన్నాడు.

"మనిషి ఆయనే కదా మావయ్యా" అన్నాను.

"మనిషి కాదురా, ఆ పంతులమ్మకి ఎవులూ లేరు చూడు, దాన్ని మార్చలేదు ఈళ్ళు" అన్నాడు.

అంతే, ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. బొంబాయిలో ఇంకెవరైనా అయితే ఆ లెక్చరర్‌కి ఒక హీరోని అంటగట్టేవారు. వీళ్ళు అంటగట్టలేదు, అందుకే నిలబడింది.

అదే 'ప్రస్థానం' చూడండి. 2010లో తెలుగులో దేవా కట్టా, 2019లో హిందీలోనూ ఆయనే. కథ ఆయనదే, దర్శకత్వం ఆయనదే, డబ్బు ఎక్కువ, సంజయ్ దత్ ఉన్నాడు, అయినా ప్రాణం రాలేదు. తెలుగులో సాయికుమార్ తన తప్పుల్ని ఒప్పుకుంటూనే సమర్థించుకునే ఆ చివరి మాటలు వింటే, ఈయన మన జిల్లాలోనే ఎక్కడో నాయకుడై ఉంటాడనిపిస్తుంది. సంజయ్ దత్ పాత్ర సినిమాల్లో తప్ప ఎక్కడా ఉండే మనిషిలా లేదు. తీసిన చేయి ఒకటే కాబట్టి ఇక్కడ దర్శకుడి తెలివిని అనడానికి లేదు, లోటు నేల మారడంలో ఉంది. విజయవాడ రాజకీయం ఆయనకి లోపలినుంచి తెలుసు, ఉత్తరప్రదేశ్‌ది బయటినుంచే తెలుసు.

'గాడ్‌ఫాదర్' గురించి ఎక్కువ చెప్పను, చిరంజీవి గారంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. దానికి మూలమైన మలయాళం 'లూసిఫర్'లో మోహన్‌లాల్ కూడా దేవుడిలాంటి హీరోనే, అది వాస్తవం. కాకపోతే అక్కడ ఆయన చాలాసేపు పక్కన ఉంటాడు, పార్టీ లోపలి లెక్కలు, మత్తుమందుల డబ్బు, విదేశం నుంచి దింపిన వారసుడు, ఇవన్నీ కథని నడుపుతాయి. తెలుగులో ఆ వారసుడి పాత్రే తీసేశారు. దాంతో చదరంగం బల్ల మీద సగం పావులు పోయాయి. మన విశాఖ కుర్రాడు సత్యదేవ్ మాత్రం చిరంజీవి ఎదురుగా నిలబడి ఎక్కడా తగ్గలేదు, సినిమా అతని కోసం చూడొచ్చు.

చూడాలనుకునేవాళ్ళకి నా సలహా. 'నాయాట్టు' నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, 'కోటబొమ్మాళి పీఎస్' ఆహాలో వచ్చింది, ఈ రెండూ వరసగా చూడండి, మూలం ముందు. 'జడ్' సబ్‌టైటిల్స్‌తో చూసి, వారం ఆగి 'షాంఘై' చూడండి, ఒకే రోజు చూస్తే రెండోదానికి అన్యాయం జరుగుతుంది. 'జాకాల్' 1973ది ఒక్కటే చాలు. సోంపేట, కాకరాపల్లి వైపు నుంచి ఎవరైనా కుర్రాళ్ళు కెమెరా పట్టుకుని ఇలాంటి కథ తీయాలని చూస్తుంటే, రీమేక్ హక్కులకి పెట్టే డబ్బు పక్కన పెట్టి ముందు మీ ఊళ్ళో ఆ రోజు అక్కడున్నవాళ్ళతో మాట్లాడండి. తీయండి, మొదటి రోజు మొదటి ఆటకి నేను వస్తాను.