‘70 శాతం వరకు’ బోర్డా, ‘అన్నిటిమీదా 10 శాతం’ బోర్డా?

ఆషాఢం తగ్గింపులు వస్తే విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరల షాపువాళ్లకు ఇదే టెన్షన్.

జనం: మొదటి బోర్డు ఆపుతుంది. రెండోదాన్ని చాలామంది చూసుకుంటూ వెళ్లిపోతారు, ఒప్పుకోవాలి.

ఖర్చు: పదిశాతం ప్రతి బిల్లులోనూ పోతుంది. డెబ్బై శాతం నాలుగు పాత చీరలకే. పైకి ఇదే చవక. కానీ ‘వరకు’ అన్న మాట చీమతలకాయంత రాస్తే కౌంటర్ దగ్గర రోజంతా వాదనలే. గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చినావిడ “ఆ చీర అయిపోయిందమ్మా” అనిపించుకుంటే మళ్లీ రాదు. పెళ్లి బట్టలకు వదినల్నీ రానివ్వదు. ఆ నష్టం ఏ లెక్కలోనూ కనపడదు.

రిస్క్: సరుకు సరిపడా లేకుండా ఆశచూపే ప్రకటనలపై కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. పదిశాతానికి ఈ భయం లేదు, ముందురోజు ధర పెంచకపోతే.

పాత స్టాక్ నిజంగా గుట్టగా ఉంటే మొదటిదే పెట్టండి, ‘వరకు’ పెద్దక్షరాల్లో రాసి, ఆ చీరలు గుమ్మం దగ్గరే పరచండి. ఏటా అవే కుటుంబాలు వచ్చే కొట్టయితే పదిశాతం చాలు.